కాశీ దారిలో ఒక తండా

హైదరాబాద్‌లో ఎవరినైనా ఆపి 44వ నంబరు జాతీయ రహదారి ఎటని అడిగితే కాసేపు తడుముకుంటారు. బెంగళూరు హైవే అంటే దక్షిణానికి, నాగ్‌పూర్ హైవే అంటే ఉత్తరానికి వెంటనే చెయ్యి చూపిస్తారు. నిజానికి రెండూ ఒకే రోడ్డు. పాత లారీ డ్రైవర్లయితే దాన్ని ఇప్పటికీ 'సెవెన్' అనే పిలుస్తారు. దారికి జనం పెట్టుకునే పేరు అది చేర్చే ఊరి పేరే. నంబర్లు కాగితాల్లో మారుతుంటాయి, వాడుకలోకి దిగడానికి మాత్రం ఒక తరం పడుతుంది.

ఈ నంబరు మారింది 2010లో. అంతకుముందు 7వ నంబరు జాతీయ రహదారి వారణాసిలో మొదలై కన్యాకుమారిలో ముగిసేది. దాని పొడవు 2,369 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు ఇస్తూ దేశంలోని రహదారులన్నింటికీ కొత్త నంబర్లు వేసినప్పుడు, ఏడు పాత రహదారుల్ని పూర్తిగానో ముక్కలుగానో కలిపి 44 అన్నారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,745 కిలోమీటర్లతో దేశంలో ఇదే అతి పొడవైన జాతీయ రహదారి అయింది. తెలంగాణలో సుమారు 500, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 250 కిలోమీటర్లు దీనివే. ఆ లెక్కల సర్దుబాటులో దారికి ఒక కొస కాశ్మీరం వచ్చింది, కాశీ తప్పుకుంది.

పరిపాలన కోసం చేసిన మార్పును తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ తెలుగువాళ్లకు ఈ దారి తరతరాలుగా కాశీ దారి. కాశీకి వెళ్లినవాడూ కాటికి వెళ్లినవాడూ ఒకటేనన్న మాట పుట్టింది ఇలాంటి దారుల మీదే.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పాలమూరు సీమలో వనపర్తి మీదుగా హైదరాబాద్ చేరాడు. అక్కడి నుంచి నిర్మల్, నాగపురం, జబల్‌పూర్, మిర్జాపూర్ మీదుగా సాగిపోయాడు. హైదరాబాద్ నుంచి నాగపురానికి ఈనాటి రోడ్డు కూడా దాదాపు ఆ దిక్కునే పోతుంది. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ చూసి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. దారిలో ఉండగా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపిన ఉత్తరాలే 'కాశీయాత్ర చరిత్ర'. శ్రీనివాసపిళ్ల దాన్ని 1838లో అచ్చు వేయించాడు.

ఆ పుస్తకంలో కోటలూ కోవెలలూ ఉన్నాయి. అయితే మనసును పట్టుకునేవి మజిలీల వివరాలు. ఈ ఊళ్లో నీళ్లు బాగుంటాయా, దిగడానికి నీడ ఉందా, కోమట్ల అంగళ్లలో ఏయే సరుకులు దొరుకుతాయి, ముందున్న దారి రాళ్లదా ఇసుకదా అని ప్రతి మజిలీ దగ్గరా రాసుకున్నాడు. పల్లకీ మోసే బోయీల కాళ్లు ఆయన లెక్కలో ఉన్నాయి. తర్వాత రాబోయే బాటసారి కూడా లెక్కలో ఉన్నాడు. దారంటే వీరాస్వామయ్యకు నీరు, నీడ, తిండి, తోడు. అది ఒక చూపు. మనం పోగొట్టుకున్నది ఆ చూపునే అనిపిస్తుంది.

వీరాస్వామయ్యకు కొన్నేళ్ల ముందు ఇదే దిక్కున ఇంకో మనిషి నడిచాడు. దక్షిణ కొస నుంచి దేశాన్ని నడిమధ్యగా కొలుచుకుంటూ వచ్చిన ఇంగ్లీషు సర్వేయరు విలియం లాంబ్టన్ హైదరాబాద్ నుంచి నాగపురానికి మకాం మార్చుకుంటూ 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలికి వెళ్లాక నాగపురానికి ముందు తగిలే ఊరు అది. సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. రోజూ వేల లారీలు ఆ ఊరి పక్కగా పోతుంటాయి.

వీళ్లిద్దరికీ ముందు నుంచీ దక్కను దారుల్ని ఎరిగినవాళ్లు లంబాడీలు. ఎద్దుల మీద పెరికలు వేసుకుని, తీరం నుంచి ఉప్పు పైకి, పై నుంచి ధాన్యం కిందికి మోసినవాళ్లు. మొగలు సేనలకూ, నిజాం సేనలకూ, తర్వాత ఇంగ్లీషువాళ్ల సేనలకూ తిండిగింజలు అందించింది వాళ్ల బిడారులే. రోడ్లు పడి, రైళ్లు వచ్చి ఆ పని పోయాక ఎక్కడికక్కడ ఆగి తండాలు కట్టుకున్నారు.

అలాంటి తండాల్లో ఒకటి పెద్దకుంట తండా. షాద్‌నగర్ ప్రాంతంలో ఈ రోడ్డును ఆనుకుని ఉంది. పదేళ్ల కిందట దేశ విదేశాల పత్రికలు ఈ చిన్న తండాను వెతుక్కుంటూ వచ్చాయి. బైపాస్ పడ్డాక రోడ్డు దాటుతూ మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారని, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక వితంతువు మిగిలిందని రాశాయి. తండా ఒకవైపు, పంచాయతీ కార్యాలయం మరోవైపు. పింఛను కోసమైనా, కూలి పని కోసమైనా రోడ్డు దాటాల్సిందే. తాతముత్తాతలు ఎద్దుల్ని తోలుకుంటూ వందల ఆమడలు నడిచిన దిక్కున, మనవలు నాలుగు వరుసల రోడ్డు దాటలేకపోయారు.

వార్త పాతబడింది కదా, ఇప్పుడెందుకు అనవచ్చు. ఈ రోడ్డు పొడవునా ఇంకా ఎన్నో ఊళ్లు అదే స్థితిలో ఉన్నాయి కాబట్టి. పొలం అవతల, ఊరు ఇవతల. బస్సు ఆగేది అటు, బడి ఇటు. యూటర్న్ కిలోమీటర్ల దూరంలో ఉంటే, మోపెడ్ మీద గడ్డిమోపు పెట్టుకున్న రైతు ఎదురుదిశలోనే వస్తాడు. రాంగ్‌రూట్ అని తిడతాం, జరిమానా వేస్తాం. ఆ రైతుకు సరైన దారి అంటూ ఒకటి ఎప్పుడైనా వేశామా?

వేయడం చేతకాక కాదు. ఇదే రోడ్డు నాగపురం దాటి మధ్యప్రదేశ్ వైపు వెళ్లేచోట పెంచ్ పులుల అభయారణ్యాన్ని చీల్చుకుంటూ పోతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అటవీ నిపుణులు అభ్యంతరం చెప్పారు, కోర్టుల దాకా వెళ్లింది. చివరికి మహారాష్ట్ర భాగంలో తొమ్మిది చోట్ల జంతువుల కోసం రోడ్డు కింద దారులు వదిలారు. కొన్నిచోట్ల రోడ్డునే వందల మీటర్ల మేర స్తంభాల మీదికి ఎత్తారు. తర్వాత భారత వన్యప్రాణి సంస్థ అక్కడ కెమెరాలు పెట్టి చూసింది. పులులు, రేసుకుక్కలు, చుక్కల దుప్పులు ఆ కింద నుంచి నింపాదిగా నడిచి వెళ్తున్నాయి. ఆ పని చేసినవాళ్లకు నమస్కారం పెట్టాలి. పులి ఎక్కడ దాటుతుందో ముందు కనిపెట్టి, అక్కడే దారి వదిలారు. తండా మనిషి ఎక్కడ దాటుతాడో కనిపెట్టడం అంతకంటే సులువు. అడిగితే తనే చెబుతాడు.

రోడ్డును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కర్నూలు వాళ్లు పొద్దున్నే బయలుదేరి హైదరాబాద్ ఆసుపత్రిలో చూపించుకుని రాత్రికి ఇల్లు చేరుతున్నారంటే, అనంతపురం చీనీకాయలు వాడిపోకముందే ఉత్తరాది మార్కెట్లకు అందుతున్నాయంటే ఈ రోడ్డు చలవే. సోన్ దగ్గర గోదావరి, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, ఇన్ని నదుల్ని నిమిషాల్లో దాటిస్తున్న దారి ఇది. కృష్ణ ఒడ్డున పుట్టి కోసం పడిగాపులు పడ్డ కాలం నుంచి ఇంత దూరం వచ్చాం. ఆ వేగాన్ని ఎవరూ వదులుకోరు. వదులుకోమని అడగడమూ లేదు. కొత్తగా ఆరు వరుసలు వేయాలనుకున్న ప్రతి చోటా, మొదటి గీత గీయకముందే ఆ ఊళ్లో ఒక పూట కూర్చుని జనం చెప్పేది వినమంటున్నాం. అండర్‌పాస్‌ ఖర్చు అంచనాల్లో చివర చేరే పద్దు కాకూడదు.

బాలానగర్ సీతాఫలానికి ఆ పేరు ఈ రోడ్డు పక్క ఊరిదే. దసరాకు కాస్త అటూ ఇటూగా ఆ చుట్టుపక్కల కార్లు నెమ్మదించి ఆగుతుంటాయి. ఆడవాళ్లు గంపలు పెట్టుకుని వరుసగా కూర్చుంటారు. మొన్న అక్కడ పళ్లు కొని కారెక్కబోతూ చూశాం. అరవై దాటిన ఒకావిడ గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు వారన నిలబడింది. ఒక లారీ, ఒక బస్సు, వాటి వెనక మూడు కార్లు. ఖాళీ దొరకగానే గబగబా డివైడర్ దాకా వచ్చింది. గంపను ముందు దాని మీద దించి, కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో గడ్డి కుదురు పట్టుకుని రెండో చెయ్యి సిమెంటు మీద ఊని ఒక కాలు అటు వేసింది. గంప ఒరిగి రెండు పళ్లు దొర్లి రోడ్డు మీద పడ్డాయి. వాటి వైపు ఒకసారి చూసింది కానీ వంగలేదు. గంప మళ్లీ నెత్తికెత్తుకుని, కర్నూలు వైపు నుంచి వచ్చే లారీల్ని చూస్తూ అక్కడే నిలబడింది.