నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

"కలిసి పనిచేయాలి" అని మన సంఘాలు తీర్మానాలు చేస్తూనే ఉంటాయి. ఎలా అన్న చర్చ మాత్రం అరుదు. ఓపిక, సర్దుకుపోయే గుణం ఉంటే చాలనుకుంటాం. ఇంట్లో ఆడవాళ్ళ నుంచి కోరేవీ ఇవే కదా! సంఘంలోనూ అవే కోరితే సర్దుకుపోయేది మళ్ళీ బలంలేని వాళ్ళే. నా దృష్టిలో కలిసి పనిచేయడం ప్రయత్నించి నేర్చుకోవలసిన పని.

సారా వ్యతిరేక ఉద్యమాన్నే తీసుకుందాం. 1991లో నెల్లూరు జిల్లాలో ప్రభుత్వమూ, స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి నడిపిన అక్షరాస్యతా కార్యక్రమం ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు కల్పించింది. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా ఆపించారు. ఆ కథే పాఠమై మిగతా ఊళ్ళకు చేరింది. 1992లో సారా వేలంపాటలను అడ్డుకునే నాటికి మహిళా సంఘాలు, హక్కుల సంఘాలు, పార్టీలు తోడొచ్చాయి. వాటి మధ్య విభేదాలు తక్కువేమీ కావు. అయినా పని సాగింది. ఊళ్ళో సారాను ఎలా అడ్డుకోవాలో ఆ ఊరి ఆడవాళ్ళే తేల్చుకోవడం అందుకు ముఖ్య కారణమని నేననుకుంటాను. దెబ్బలకూ, కేసులకూ ఎదురు నిలవాల్సింది వాళ్ళే మరి.

1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. ఖజానా నష్టం గురించి చాలా చర్చ జరిగింది. కానీ ఆ నిర్ణయం జరిగిన చోట ఊరి ఆడవాళ్ళకు స్థానం లేదు.

నేడు మన ప్రాజెక్టుల్లోనూ ఇదే చూస్తున్నాను. ప్రతిపాదన నగరంలో తయారవుతుంది, సంతకాలు ఊళ్ళో పడతాయి. కూలికి పోయే వేళకు మీటింగు పెట్టి, ఆడవాళ్ళు రాలేదంటాం. పరిశోధనలో వాళ్ళు చెప్పింది 'సమాచారం', మేం రాసింది 'విశ్లేషణ'!

అందుకే పని మొదలుపెట్టే ముందే కొన్ని తేల్చుకోవాలి. డబ్బు లెక్క అందరి ముందూ, అందరికీ అర్థమయ్యే భాషలో చదవాలి. అధ్యక్షత వహించడం, మినిట్స్ రాయడం, గది ఊడవడం వంతులవారీగా చేయాలి. ఒప్పుకోని వాళ్ళ మాట కూడా మినిట్స్‌లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, దెబ్బ ఎవరి మీద పడుతుందో వాళ్ళు వద్దంటే ఆ పని ఆగాలి.

ఇలాగైతే ఆలస్యమవుతుందని, నిధులిచ్చేవాళ్ళ గడువు దాటుతుందని కొందరంటారు. నిజమే, ఆలస్యమవుతుంది. అయితే ఆ గడువును కూడా కలిసి నిర్ణయించుకోవాలని అడగడం మన పనిలో భాగం కాదా? వచ్చే సమావేశంలో ముందుగా దీన్నే చర్చకు పెట్టమని కోరుతున్నాను.