మాహిష్మతికి అసలు కథ ఏది?

సూరత్‌లోని లింబాయత్‌లో ఒక తెలుగు ఇల్లు. ఆదివారం భోజనాలయ్యాక అన్నదమ్ములిద్దరి మధ్య పెద్ద పంచాయితీ నడుస్తోంది. ఆస్తి తగాదా కాదు. కట్టప్పకు తమ్ముడున్నాడా లేడా అన్నది సమస్య. ఉన్నాడంటాడు కాలేజీలో చదువుతున్న అన్న. పేరు శివప్ప అని, పుస్తకంలో చదివానని సాక్ష్యం చెబుతాడు. పదో తరగతి తమ్ముడు ఒప్పుకోడు. ''సినిమాల లేనిది లెక్కల రాదన్నా'' అని కొట్టిపారేశాడు. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు. గొంతు పెంచి వాదించడం వాళ్లకు కొత్త కాదు.

నవ్వి ఊరుకోవాల్సిన తగాదాలాగే కనిపిస్తుంది. కానీ పిల్లవాడి మాటలో ఓ గట్టి ప్రశ్న ఉంది. ఒక కథలో ఏది లెక్కలోకి వస్తుంది? ఆ లెక్క కట్టేదెవరు?

బాహుబలి మొదటి భాగం 2015 జూలైలో, రెండోది 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. వాటి చుట్టూ ఓ చిన్న పరిశ్రమే మొలిచింది. ఆనంద్ నీలకంఠన్ శివగామి పూర్వకథను మూడు సంపుటాల నవలగా రాశారు. గ్రాఫిక్ ఇండియా సంస్థ కామిక్స్ తెచ్చింది, 'ద లాస్ట్ లెజెండ్స్' అనే యానిమేషన్ సిరీస్ తీసింది. 2024లో 'క్రౌన్ ఆఫ్ బ్లడ్' వచ్చింది. అందులో బాహుబలి, భల్లాలదేవుడు చేతులు కలిపి రక్తదేవుడనే శత్రువుతో పోరాడతారు. అన్నిటి మీదా బాహుబలి పేరుంది. అన్నీ అనుమతితో వచ్చినవే. చిక్కల్లా వాటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడే. నవలలో శివగామి తండ్రిని రాజద్రోహి ముద్ర వేసి చంపిస్తారు. మాహిష్మతిని నాశనం చేస్తానని కూతురు పగబడుతుంది. సినిమాలో ఆ సింహాసనానికే మారుపేరుగా నిలిచిన రాజమాతను చూసినవారికి ఇది మింగుడు పడాలంటే కొంత సమయం పడుతుంది.

ఇలాంటి తగువు తీర్చడానికి ఇంగ్లీషువాళ్లకు 'కేనన్' అనే మాట ఉంది. క్రైస్తవ మత గ్రంథాల్లో ఏవి ప్రామాణికమో తేల్చిన మాట అది. 1911లో రొనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథల మీద సరదాగా ఓ వ్యాసం రాసి, ఆ మతపరిభాషను డిటెక్టివ్ కథలకు అంటించారు. ఆ సరదా తర్వాత వ్యాపారమైంది. స్టార్ వార్స్ సంస్థను డిస్నీ 2012లో కొన్నది. 2014 ఏప్రిల్‌లో ఓ ప్రకటన వెలువడింది. అప్పటిదాకా వచ్చిన వందలాది నవలలు, కామిక్స్ ఇకపై 'లెజెండ్స్' మాత్రమేనని, అసలు కథలో భాగం కావని దాని సారాంశం. ఇరవై ఏళ్లుగా డబ్బు పెట్టి కొని చదివినవాళ్ల అల్మారాలు ఒక్క ప్రకటనతో పుక్కిటి పురాణాలైపోయాయి.

అయినా ఆ ప్రకటన పూర్తిగా నెగ్గలేదు. 1991లో తిమోతీ జాన్ నవలలో పుట్టిన థ్రాన్ అనే సేనాని కూడా ఆ దెబ్బకు లెక్కలోంచి పోయాడు. పాఠకులు మాత్రం అతన్ని మరిచిపోలేదు. 2016లో టీవీ సిరీస్‌లోకి దర్జాగా తిరిగొచ్చాడు. సూపర్‌మాన్‌ను నీరసపరిచే క్రిప్టొనైట్ రాయి కూడా కామిక్స్‌లో పుట్టలేదు. 1943లో రేడియో నాటకంలో పుట్టి కామిక్స్‌లోకి వెళ్లింది. కొమ్మ నుంచి చెట్టుకు రసం ఎక్కిన సందర్భాలివి.

పోనీ, సినిమానే ప్రమాణమన్న తమ్ముడి వాదన నిలుస్తుందా? 2025 అక్టోబర్‌లో రెండు భాగాలను కత్తిరించి, ఒకటిగా అతికించి 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో విడుదల చేశారు. శివుడు, అవంతికల ప్రేమకథలో చాలా భాగం కత్తెరకు బలైంది. పదేళ్ల కిందట థియేటర్‌లో చూసిన ప్రేమ ఇప్పుడు జరిగినట్టా, జరగనట్టా? ప్రమాణం అనుకున్నదే కదిలింది.

ఆ ఇంట్లో అప్పటిదాకా గోడకానుకుని వింటున్న తాత ఇక్కడ కలగజేసుకున్నాడు. కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం సూరత్ వచ్చి స్థిరపడ్డ మనిషి. ''మరి మన భావనారుషి కత ఏ పుస్తకంల ఉన్నదిరా?'' అని అడిగాడు. ఇద్దరూ నోరు మూశారు.

పద్మశాలీలకు ఆ కథ తెలుసు. మార్కండేయుడి యజ్ఞంలోంచి భావనారుషి పుట్టాడు. విష్ణువు నాభికమలం తూడు నుంచి దారం తీసి దేవతలకు తొలి బట్ట నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. వాళ్ల బిడ్డల నుంచే 101 గోత్రాలు వచ్చాయి. తెలంగాణ పల్లెల్లో ఈ కథను కూనపులివారు పటం వేలాడదీసి చెప్పేవారు. చేర్యాల నకాషీ కళాకారులు వేసిన పొడవాటి బట్ట, దానిమీద వరసకట్టిన బొమ్మలు, ఒక్కో బొమ్మను కర్రతో చూపిస్తూ పాట. కామిక్స్ అంటే ఇంతకన్నా వేరే ఏముంటుంది?

సంస్కృత మార్కండేయ పురాణం తిరగేస్తే దేవీ మాహాత్మ్యం ఉంటుంది. తూడు దారం కథ ఉండదు. ఎవరో చదువుకున్నాయన ఒకసారి ఆ మాటే ముఖం మీద చెప్పాడట తాతకు. ''అయితే మేం ఎక్కణ్నుంచి వచ్చినట్టు?'' అని ఆయన అడిగిన ప్రశ్నకు ఆ చదువుకున్నాయన దగ్గర జవాబు లేదు.

లెక్కలో లేదనే మాట సినిమా అభిమానికి చికాకు. సొంతూరికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో బతుకుతున్న మనిషికి అది అంతకన్నా లోతుగా తగులుతుంది. ఇక్కడ అతనికి భూమి లేదు, ఊరి పేరు చెబితే గుర్తుపట్టేవారు తక్కువ. గోత్రమూ దాని వెనక కథా మాత్రం వెంట వచ్చాయి.

ఇంతకీ ఆ చదువుకున్నాయన చెప్పింది అబద్ధమా? కాదు. ఏ మాట ఏ గ్రంథంలో ఉందో తేల్చడం గొప్ప పని. సూరత్‌కు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న వడోదర ప్రాచ్య విద్యా సంస్థ పండితులు ఆ పనే చేశారు. దేశం నలుమూలల రాతప్రతులు పోల్చిచూసి 1960-75 మధ్య ఏడు సంపుటాలుగా వాల్మీకి రామాయణానికి శుద్ధ ప్రతి తెచ్చారు. తర్వాత చేరిన శ్లోకాలను అడుగున వేరుగా అచ్చువేశారు. పారేయలేదు. అందులో నేర్చుకోవాల్సింది అదే. లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. అలాగని కోర్టుల్లో, పార్లమెంటులో ఆ మాట వాడటం ఎవరైనా మానేశారా? వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. శశిరేఖ జాడ లేదు. 1936లో ఒకసారి, 1957లో మరోసారి 'మాయాబజార్' చూసిన తెలుగువాళ్లు ఆమెను ఇంటి ఆడపడుచును చేసుకున్నారు. లెక్కలో లేదని చెప్పి ఆమెను వెనక్కి పంపగలిగేవారు పుట్టలేదు.

కాబట్టి ప్రశ్నలు రెండు. ఎవరు ఎప్పుడు రాశారన్నది మొదటిది. దానికి పండితులున్నారు, ఆధారాలున్నాయి. ఏది మనదన్నది రెండోది. దానికి చెప్పుకునేవారు, వినేవారు ఉన్నారు. మొదటిదాని జవాబుతో రెండోదాన్ని కొట్టేయడం పొరపాటు. రెండోదాని మీద ప్రేమతో మొదటిదాన్ని దాచిపెట్టడమూ పొరపాటే. కంపెనీ చెప్పే 'అధికారికం' ఈ రెండిటిలోనూ ఇమడదు. అది హక్కుల పత్రం. ఇవాళ ఉండొచ్చు, సంస్థ చేతులు మారితే రేపు పోవచ్చు.

అలాగని కంపెనీలకు బాధ్యత లేదని కాదు. సినిమా వేడి మీద ఉన్నప్పుడు 'చెప్పని కథ' అంటూ అమ్ముకుని, తర్వాత కథ మారితే అది వేరు, ఇది వేరు అనడం న్యాయం కాదు. ఈ కామిక్ సినిమా కథలో భాగమా, దాని ఆధారంగా అల్లిన విడి కథా అన్నది అట్ట మీద ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది. డబ్బు పెట్టేవాడికి తెలుసుకునే హక్కుంది. విడి కథ అని తెలిసినా కొనేవాళ్లు కొంటారు. ముందే చెప్పాక మోసపోయామన్న మాట మాత్రం రాదు.

కట్టప్ప తమ్ముడి సంగతి ఆ పూట తేలలేదు. అన్న పుస్తకం తెచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. వాడు చదవడం మొదలుపెట్టాడు.