పాత పేరే నయం

ఆరుబిస్. వినగానే ఏ అత్తరు సీసా మీదో ఉండే పేరనిపిస్తుంది. ఎర్ర బంగారం అనే అర్థమొచ్చే లాటిన్ మాటల నుంచి తయారుచేసుకున్నారు. నిజానికిది హాంబర్గ్‌లో రాగి శుద్ధి చేసే కంపెనీ. 1866 నుంచి 2009 దాకా దాని పేరు నార్డ్‌డాయిష్ అఫినెరీ, అంటే ఉత్తర జర్మనీ శుద్ధి కర్మాగారం. ఎక్కడుందో, ఏం చేస్తుందో చెప్పేసే మొరటు పేరు. 2008లో క్యుమెరియో అనే బెల్జియం కంపెనీని కొన్నాక దాన్ని మార్చేశారు.

నా గొడవ మార్చినవాళ్లతో కాదు. వ్యాపారం వాళ్లది, బోర్డూ వాళ్లదే. 'సాహిత్య పత్రికలో కంపెనీ చరిత్రలెందుకండీ, బిజినెస్ పేజీలో వేసుకోక' అని మూతి విరిచే మనతోనే నా గొడవ.

సరే, వినండి. ఈ కర్మాగారంలో ఎమిల్ వోల్‌విల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. మలినాలున్న రాగి పలకనీ, పల్చటి రాగి రేకునీ ఆమ్ల ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపితే, రాగి పలక నుంచి రేకు మీదికి చేరుతుంది. వెండి, బంగారం అడుగున బురదలా దిగుతాయి. హాంబర్గ్‌లో ఈ పని 1876లో మొదలైంది. బంగారాన్ని శుద్ధి చేసే ఆయన పద్ధతిని ఇవాళ్టికీ వోల్‌విల్ ప్రక్రియ అనే అంటారు. అదే మనిషి ఏళ్ల తరబడి గెలీలియో మీద పరిశోధన చేశాడు. కోపర్నికస్ సిద్ధాంతం కోసం గెలీలియో పడ్డ పోరాటం మీద పెద్ద పుస్తకం రాశాడు. మొదటి భాగం 1909లో వచ్చింది. (గెలీలియో అనగానే బ్రెహ్ట్ నాటకం గురించి మాట్లాడే మనలో ఎంతమందికి ఈయన తెలుసు? నాకూ మొన్నటిదాకా తెలీదు.)

కొడుకు హైన్రిష్ కూడా రసాయన శాస్త్రవేత్తే, పనిచేసిందీ అదే కంపెనీలో. యూదు కుటుంబం. నాజీలు ఆయన్ని తెరేజియన్‌ష్టాట్ శిబిరానికి పంపారు. 1943లో అక్కడే చనిపోయాడు.

అదే యుద్ధంలో జర్మనీ నుంచీ, ఆక్రమించిన దేశాల నుంచీ చర్చి గంటల్ని ఊడదీసి హాంబర్గ్ రేవుకి చేర్చారు. కంచులో ఎక్కువ పాలు రాగే కదా. గంటలకి ఏ, బీ, సీ, డీ అని తరగతులు కట్టారు. ఏ అయితే ముందుగా కొలిమికి. డీ అయితే పాతదీ, విలువైనదీ గనక ఆగుతుంది. పదుల వేల గంటలు కరిగిపోయాయి. వాటిని కరిగించిన చోట్లలో ఈ కర్మాగారమూ ఒకటి. కుప్పలుగా పడున్న గంటల్ని చూసి ఆ చోటుని గంటల శ్మశానం అన్నారు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని బిజినెస్ పేజీలో ఏ కాలమ్‌లో వేస్తారు?

నేను చదివిన కథల్లో ఫ్యాక్టరీ అంటే చాలావరకు గేటు, సైరన్, సమ్మె. లోపల తొట్టిలో ఏముందో, దాని పక్కన నిలబడ్డవాడు సాయంత్రాలు ఏం చదువుకుంటాడో మనకి పట్టదు. పట్టిన రోజున మాత్రం వెంటనే 'శుద్ధి' మీద ఓ కవిత రాసేస్తాం. దయచేసి రాయకండి. జాతిని శుద్ధి చేస్తామన్నవాళ్లూ ఆ మాటని ఇలాగే అరువు తెచ్చుకున్నారు. రాగికి అది ఆమ్లంతో, కరెంటుతో చేసే పని, అంతే.

నేనైతే ఆ కంపెనీని అఫినెరీ అనే పిలుస్తాను. 1943లో దాని పేరు అదే.