పక్షిశాలలో పొత్తు

కళాశాల ఆవరణలో ఒక పక్షిశాల ఉంటే ఎంత బాగుండునని జీవశాస్త్ర విద్యార్థులు ముచ్చటపడడం సహజం. తరగతి గదిలో నల్లబల్ల మీద చూచే రెక్కను, ముక్కును, గూటిని సజీవంగా చూడగలగడం కంటె గొప్ప పాఠం ఏముంటుంది? కాని ఇటువంటి ప్రయత్నాలు తరచు ఒకే విధంగా చెడిపోతుంటాయి. సరదాపడినవారు బజారుకు వెళ్ళి, కంటికి ఇంపైన రంగులన్నీ ఏరి తెచ్చి ఒకే గూటిలో వదలుతారు. కొన్నాళ్ళకు కొన్ని పిట్టలు ఈకలూడి మూలన నక్కుతాయి. కొన్ని తిండి అందక చస్తాయి. అప్పుడు “మనకు పిట్టలు అచ్చిరాలేదు” అని సరిపెట్టుకుంటారు. నా అభిప్రాయంలో ఈ లోపం ఎంపికలో ఉన్నది. పక్షిశాలకు పిట్టలను రంగును బట్టి కాక గుణాన్ని బట్టి ఎన్నుకోవాలి.

ఫించ్ అని బజారులో పిలువబడేవి గింజలు తిని బ్రతికే చిన్న పాటపిట్టలు. వీటిలో కొత్తవారికి తగినవి రెండు. మొదటిది జీబ్రా ఫించ్. ఇది ఆస్ట్రేలియా దేశపు పిట్ట. సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 12 గ్రాముల బరువు. ఎండకు తట్టుకుంటుంది, సులభంగా పిల్లలను చేస్తుంది. కాస్త పెత్తనం చేసే స్వభావం ఉన్నా గాయపరచేది కాదు. రెండవది బెంగాలీ ఫించ్. పేరు బెంగాలుదే గాని, ఊరు బెంగాలు కాదు. చైనా దేశపు మునియా పిట్టలను జపానువారు తరతరాలుగా గూళ్ళలో పెంచగా ఏర్పడిన జాతి ఇది. ఇంత సాధువైన పిట్ట మరొకటి అరుదు. రాత్రివేళ అన్నీ ఒకే గూటిలో ఒదిగి నిద్రిస్తాయి. ఇతర ఫించ్‌ల గుడ్లను సైతం పొదిగి, ఆ పిల్లలకు మేత పెట్టి సాకుతాయి. ఈ రెండు జాతులూ ఒకచోట చక్కగా మనగలవు. అనుభవం వచ్చిన పిమ్మట, చలిగాలి తగలని చోటు చూపగలిగితే, గూల్డియన్ ఫించ్‌ను చేర్చవచ్చు. పంచరంగుల ఈ సుందర పక్షి స్వభావం చేత శాంతమైనదే గాని, సుకుమారమైనది.

కలపరానివి కూడ తెలిసి ఉండాలి. మన బజారులో ‘లవ్ బర్డ్స్’ అని అమ్మే చిన్న చిలుకలు నిజానికి బడ్జెరిగార్లు. వాటి వంకర ముక్కు ఫించ్ కాలిని ఒక్క కాటుతో విరచగలదు. జావా పిచ్చుక చూపులకు హుందాగా ఉంటుంది. కాని దాని బరువు జీబ్రా ఫించ్‌కు రెట్టింపు, ముక్కు మొద్దు. ఇరుకు గూటిలో అది చిన్నవాటిని మేత దగ్గరకు రానీయకపోవచ్చు. మెడపై ఎర్రని గీత గల ‘కట్‌త్రోట్’ పిట్ట ఇతరుల గూళ్ళలో జొరబడి కాపురాలు చెడగొడుతుంది.

జాతులను సరిగా ఎంచినంతమాత్రాన పని ముగియదు. ఒకే జాతిలో రెండు జంటలను ఉంచితే ఒకటి రెండవదానిని అదేపనిగా తరుముతుంది. అందుచేత ఒక జంటనైనా ఉంచాలి, లేదా మూడు, అంతకు పైబడి ఉంచాలి. ఆడ, మగ సంఖ్య సమంగా ఉండాలి. జంటల సంఖ్యకు రెట్టింపు గూళ్ళు, అన్నీ ఒకే ఎత్తున కట్టాలి. ఎత్తయిన గూటి కోసమే తగవులు పుడతాయి. గింజల పళ్ళెం, నీటి పాత్ర ఒక్కొక్కటే పెడితే బలమైన పిట్ట దానికి కాపలాదారు అవుతుంది. కొర్రలు, సామలు, వరిగలు రెండు మూడు చోట్ల పెట్టాలి. సున్నానికి సముద్రపు నురుగు వ్రేలాడదీయాలి. ఫించ్‌లు అడ్డంగా ఎగురుతాయి గనుక పక్షిశాలకు ఎత్తు కంటె పొడవు ముఖ్యం. కొత్తగా తెచ్చినవానిని ఒక నెల విడిగా ఉంచి, రోగం లేదని తేలిన మీదటనే కలపాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. మన చేలగట్ల మీద తిరిగే జీనువాయి పిట్టలు, అనగా మునియాలు, ఫించ్‌లకు దగ్గరి చుట్టాలే. ఎర్ర మునియాను ఉర్దూలో ముద్దుగా ‘లాల్’ అంటారు. పూర్వం అహమ్మదాబాదు నుండి అది ఎగుమతి అయ్యేది గనుక ఆ నగరం పేరే మారి ‘అమందవ’ అని దాని శాస్త్రీయ నామంలో నిలిచిపోయింది. స్వభావం దృష్ట్యా అది ఫించ్‌లతో కలవవచ్చు. అయినా దానిని కొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. 1990–91లో దేశవాళీ అడవిపక్షుల వర్తకమే నిషిద్ధమయింది. అయినప్పటికీ వలలో పట్టిన మునియాలకు ఆకుపచ్చ, పసుపు రంగులు పూసి విదేశీ పిట్టలని అమ్మే మోసం మన దేశంలో కనబడుతూనే ఉన్నది. రంగును చూచి కొనేవారున్నంత కాలం రంగు పూసేవారు ఉంటారు.

“పిట్టను గూటిలో పెట్టడమే పాపం కదా” అని కొందరు మిత్రులు అంటారు. అడవిలో పట్టిన పిట్ట విషయంలో వారి మాట అక్షరాలా నిజం. కాని బెంగాలీ ఫించ్‌కు తిరిగి వెళ్ళడానికి అడవి లేదు. దానిని విడిచిపెట్టడం దయ కాదు, కాకులకు అప్పగించడం. గూటిలో పుట్టినదానికి గూటిలోనే మంచి బ్రతుకు కల్పించడం మన విధి.

ఇందువల్ల చదువుకు లాభం లేకపోలేదు. జీబ్రా ఫించ్ మగపిల్ల తన తండ్రి పాట విని, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకుంటుంది. పసిబిడ్డ మాట నేర్చే తీరుకు ఇది దగ్గరగా ఉన్నందున శాస్త్రజ్ఞులు దీనిని విశేషంగా పరిశీలించారు. 2010లో దీని జన్యు సమాచారమంతా ప్రకటింపబడింది. చెవి, ఓపిక, ఒక నోటుపుస్తకం ఉంటే మన విద్యార్థులు కూడ ఈ పరిశీలన చేయవచ్చు.

కనుక కళాశాల పాలక సంఘంవారికి నా మనవి: పక్షిశాల తలపెట్టినచో మొదట పొడవైన గూడు, నీడ, నీరు, సెలవులలో మేత పెట్టే మనిషి, వీటిని ఏర్పాటు చేయండి. తరువాతనే పిట్టలను తెండి. విద్యార్థి మిత్రులకు నా మనవి: నాలుగు జంటల జీబ్రాలు, నాలుగు జంటల బెంగాలీలు చాలును. పది రంగులు ఒకచోట కొట్టుకు చావడం కంటె, రెండు జాతులు పిల్లాపాపలతో వర్ధిల్లడం చూడ ముచ్చటగా ఉంటుంది.