మొహమాటం వద్దు, ఒక్క ఫోన్ చేయండి

ఆ మధ్య ఓ మధ్యాహ్నం మా పెద్దవదిన పేరుతో నాకు ఈమెయిల్ వచ్చింది. పెద్దేముల్‌లో ఉంటుందావిడ, టీచరుగా చేసి రిటైరైంది. 'ప్రియమైన చెల్లీ, ఆస్పత్రిలో ఉన్నాను. అర్జంటుగా ఇరవై వేలు కావాలి. ఫోన్ పాడైంది, మెయిల్లోనే జవాబివ్వు. ఇంట్లో ఎవరికీ చెప్పకు.' చదవగానే గుండె జారిపోయింది. డబ్బు పంపబోయాను.

అంతలో ఓ అనుమానం. వదిన నన్ను 'ఏమే' అంటుందే తప్ప, 'ప్రియమైన' అని ఎన్నడైనా అన్నదా? నిజం చెప్పొద్దూ, పెద్దావిడను అనుమానించినట్టవుతుందేమోనని కాసేపు మొహమాటపడ్డాను. చివరికి పాడైందన్న ఆ నంబరుకే ఫోన్ చేశాను.

"ఆస్పత్రేందే? నేను ఇంట్ల కందులు చెరుగుతున్న" అని ఆవిడ నవ్వేసరికి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ మెయిల్లో పేరు మీద నొక్కి చూస్తే అసలు చిరునామా వేరే! పైన పేరు ఎవరిదైనా పెట్టుకోవచ్చట. చిరునామాలోనూ 'ఓ' బదులు సున్నా, 'ఎమ్' బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాసి కళ్లు కప్పుతారు. పాస్‌వర్డ్ దొంగిలిస్తే అసలు చిరునామా నుంచే రాస్తారు. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది తెలిసినవాళ్ల మెయిళ్ల ద్వారానే. వాట్సాప్‌లోనూ ఇదే నాటకం. 2022లో తెలంగాణ డీజీపీగా ఉన్న మహేందర్ రెడ్డి ఫోటోనే పెట్టుకుని మోసగాళ్లు మెసేజ్‌లు పంపారు. పోలీసు పెద్దకే తప్పనిది మనకు తప్పుతుందా?

ఈ దొంగలకు పెట్టుబడి మన మొహమాటమే. కష్టంలో ఉన్నవాళ్లను ఎలా ప్రశ్నిస్తామని మనం వెనకాడే ఆ అయిదు నిమిషాలే వాళ్లకు చాలు. తొందరపెట్టడం, ఎవరికీ చెప్పొద్దనడం, ఫోన్ వద్దనడం... ఈ మూడూ కలిశాయంటే అడుగుతున్నది మనవాళ్లు కాదేమోనని ఆగండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు మాత్రం వద్దు.

పొరపాటున డబ్బు పంపేశారా? ఇంట్లో తిడతారని దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పోతూనే ఉంటుంది. ఇంట్లోని మగవాళ్లకూ ఓ మాట: ముందు ఫోన్ చేయించండి, కోపం తర్వాత చూసుకోవచ్చు.

ఆ రోజునుంచీ మా వదినా, నేనూ ఓ ఒప్పందం చేసుకున్నాం. డబ్బు మాట వస్తే గొంతు వినాల్సిందే. అడిగినందుకు ఇద్దరిలో ఎవరమూ చిన్నబుచ్చుకోం. మీ ఇంట్లోనూ ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ ముక్క అనుకుంటారు కదూ!