మాటలు తీసేసిన నివాళి

పాటకు మాటలు రాసింది స్త్రీ అయితే, ఆ మాటల్ని పక్కకు నెట్టేయడం ఎంత సులువో ఈమధ్య ఒక జాజ్ కచేరీలో చూశాను. జిమ్మీ మెక్‌హ్యూ, డొరొతీ ఫీల్డ్స్ జంటకు నివాళి అన్నారు. నలుగురు మగవాళ్లు రెండు గంటలు చక్కగా వాయించారు. పాడినవాళ్లు ఎవరూ లేరు. ప్రతిసారీ 'మెక్‌హ్యూ పాట' అన్నారు. ఫీల్డ్స్ పేరు చివర్లో ఒక్కసారి వినిపించింది.

జాజ్‌లో వాద్యమే ముఖ్యం, మాటలతో పనేమిటి అని అడిగేవాళ్లున్నారు. లెస్టర్ యంగ్ అంతటి శాక్సొఫోన్ విద్వాంసుడు, వాయించే పాటకు మాటలు తెలిసుండాలని నమ్మాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాద్యకారుడికి చెప్పేది మాటే. అంతెందుకు, వేదిక మీంచి ప్రకటించిన 'ఆన్ ద సన్నీ సైడ్ ఆఫ్ ద స్ట్రీట్' అన్న పేరు కూడా ఆమె పాటలోని మాటే! ఆమె మాటతోనే పాటను పిలుస్తారు, ఆమెను మాత్రం తలవరు.

ఎవరీ ఫీల్డ్స్? రంగస్థలం మీదే బతికిన తండ్రి లూ ఫీల్డ్స్, కూతురు అటు రావడానికి ఇష్టపడలేదు. అయినా 1928లో 'ఐ కాంట్ గివ్ యూ ఎనీథింగ్ బట్ లవ్' రాసింది. డబ్బు లేని ప్రేమికుడి చేత జనం మాట్లాడుకునే ఇంగ్లీషే మాట్లాడించింది. 1936 నాటి 'స్వింగ్ టైమ్' సినిమాలో జెరోమ్ కెర్న్ బాణీకి రాసిన పాటతో ఆస్కార్ అందుకుంది. పాటకు ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమే. అరవై దాటిన వయసులోనూ కలం పెట్టేయలేదు. 1966లో సై కోల్‌మన్‌తో కలిసి 'స్వీట్ చారిటీ' పాటలిచ్చింది. ఇంత పనినీ 'భాగస్వామి' అన్న ఒక్క మాటలో సర్దేస్తే ఎలా?

ఇక్కడితో ఆగితే మనమూ సగం చరిత్రే చెప్పినవాళ్లమవుతాం. ఈ జంట పాటలు కట్టిన కాటన్ క్లబ్‌లో ఆడిపాడేది నల్లవాళ్లు, కూర్చుని చూసేది తెల్లవాళ్లు. 1928లో 'బ్లాక్‌బర్డ్స్' ప్రదర్శనలో పాడిన అడిలైడ్ హాల్ పేరు కూడా ఆ కచేరీలో వినబడలేదు. పైన చెప్పిన రెండు పాటల బాణీలూ నిజానికి ఫ్యాట్స్ వాలర్‌వేనన్న వాదన ఎప్పటినించో ఉంది. తెల్లజాతి స్త్రీకి న్యాయం అడుగుతూ నల్లజాతి కళాకారుల్ని మరిచిపోతే, మనం చేసేదీ ఆ నిర్వాహకులు చేసిన పనే.

అడిగేది పెద్ద కోరికేం కాదు. కరపత్రం మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వెయ్యండి. నాలుగు పాటలైనా పాడించండి. వాటిని మొదట ఎవరు పాడారో చెప్పండి. అది చేతకాకపోతే 'మెక్‌హ్యూ బాణీలు' అని చెప్పే టికెట్లు అమ్ముకోండి. ఫీల్డ్స్ పేరు వాడుకోకండి.