బండికి పైపు స్నానం ఎవరికి మేలు?



సెలవుల ప్రయాణాలు మొదలైతే సికింద్రాబాద్ వీధుల్లో టెంపో ట్రావెలర్లు, టూరిస్టు బస్సులు బారులు తీరతాయి. పడకా వంటగదీ లోపలే ఉండే క్యారవాన్లు ఒకప్పుడు సినిమా షూటింగుల దగ్గరే కనిపించేవి, ఇప్పుడు కుటుంబాలు కూడా అద్దెకు తీసుకుంటున్నాయి. తిరిగొచ్చిన బండిని దగ్గర్లోని నల్లాకు పైపు తగిలించి, వీధి వెంట కాలువ పారేదాకా కడగడం మనకు అలవాటు. ఆ అలవాటు నీళ్లకు ఎంత చేటో బండికీ అంతే చేటని, బండి మీద మమకారం ఉన్నవాళ్లే ముందుగా దాన్ని మానుకోవాలని నా వాదన.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. 15 లీటర్ల బకెట్ నిమిషంలో నిండే నల్లాకు పైపు తగిలించి ఇరవై నిమిషాలు వదిలితే 300 లీటర్లు పోతాయి. నగరవాసి ఒక్కరికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. అంటే ఇద్దరు మనుషులు తాగి, వండుకొని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కోవాల్సిన నీళ్లకంటే ఎక్కువే ఒక బండి ఒంటి మీదుగా మోరీలో కలుస్తాయి. వారానికి రెండుసార్లు కడిగితే నెలకు 2,400 లీటర్లు. హైదరాబాద్‌ జలమండలి ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్లలో ఇది పదో వంతు దాటుతుంది. పైగా అవి మన ఊళ్లో ఊరిన నీళ్లు కావు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణను, ఎల్లంపల్లి నుంచి గోదావరిని వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి తెస్తున్నారు. అంత కరెంటు కాల్చి తెచ్చిన మంచినీళ్లతో చక్రాల బురద కడుగుతున్నాం.

ఇక బండి సంగతి. క్యారవాన్ ఒంటికి ఫైబర్ పలకలో అల్యూమినియం రేకులో బిగిస్తారు. కిటికీల చుట్టూ, పైకప్పు గాలిగూళ్ల చుట్టూ ఉన్న అతుకుల్లో నీళ్లు దిగకుండా సీలెంట్ పూస్తారు. ఆ అతుకుల మీదికి దగ్గరనుంచి ప్రెషర్ గన్ పెడితే సీలెంట్ లేచిపోయి నీళ్లు లోపలికి దిగుతాయి. బయట తళతళలాడుతున్న బండి లోపల ప్లైవుడ్ ఉబ్బి ముక్కవాసన కొడుతుంది. ఎండలో కడిగితే ఇంకో తంటా. రాతినేల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే, ఆ చుక్కలు ఆరినచోటల్లా తెల్లటి మచ్చలు పడతాయి. బట్టల సబ్బుపొడి మురికితోపాటు రంగును కాపాడే మైనపు పూతనూ లాగేస్తుంది. పూత పోయిన ఫైబర్ ఎండకు మాడి, వేలితో రాస్తే సుద్దపొడిలా చేతికి అంటుకుంటుంది.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. నీడలో, బండి చల్లబడ్డాక, ముందు రెండు మగ్గుల నీళ్లు చిలకరించి దుమ్మును నాననివ్వాలి. ఒక బకెట్‌లో కార్ షాంపూ నీళ్లు, ఇంకో బకెట్‌లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు పెట్టుకొని పైనుంచి కిందికి తుడవాలి. చక్రాలు చివర్లో, వేరే గుడ్డతో. హైవే మీద ముందుభాగానికి అతుక్కున్న పురుగులను గీకకుండా, పది నిమిషాలు తడిగుడ్డ కప్పితే అవే ఊడివస్తాయి. పావురాల రెట్టను మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు, రంగును తినేస్తుంది. ఏడాదికి రెండుమూడుసార్లు వ్యాక్స్ పాలిష్ చేసి, వానలకు ముందు పైకప్పు అతుకులు చూసుకుంటే చాలు. పెద్ద బండికైనా ఐదారు బకెట్లు దాటవు.

పైపు లేకపోతే ఇసుక రేణువులు గుడ్డకు తగిలి గీతలు పడతాయని కొందరంటారు. నిజమే, అందుకే ముందు నానబెట్టమంటున్నాను. ఆ పని మగ్గూ చేస్తుంది. బిల్లు కడుతున్నాం, మా బోరు మా ఇష్టం అన్నది ఇంకో మాట. బోరు గొట్టం మన స్థలంలో ఉన్నా అడుగున ఊట వీధి మొత్తానిదీ ఒకటే. బండ్లు కడిగి బతికేవాళ్ల పొట్ట కొడతారా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బకెట్ పద్ధతిలో పని ఎక్కువ, నైపుణ్యం ఎక్కువ, కాబట్టి కూలీ కూడా పెరగాలి. నీళ్లలో మిగిలిన డబ్బు కొంత వాళ్ల చేతికి పోతే తప్పేమిటి? పైపులైన్ల లీకేజీల్లో పోయే నీళ్ల ముందు ఇదెంత అనే మాటలో న్యాయం ఉంది. లీకేజీలు ఆపాల్సిన బాధ్యత జలమండలిదే. కానీ అటు కారుతోందని ఇటు కూడా వదిలేయడం వాదన అనిపించుకోదు. పక్క రాష్ట్రంలోని బెంగళూరు 2024 మార్చిలో కరువు మీదపడ్డాక తాగునీటితో బండ్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు?

ఈ మాట బన్సీలాల్‌పేట్ నుంచి చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడి నాగన్నకుంట మెట్లబావి దశాబ్దాల పాటు చెత్తకుప్పగా పడి ఉంది. వందల లారీల చెత్త, పూడిక తోడిపోసి 2022 డిసెంబరులో మళ్లీ ప్రజల ముందుకు తెచ్చారు. అది పట్టే నీళ్లు 22 లక్షల లీటర్లు. మనం వదిలే పైపు లెక్కన ఆ నీళ్లన్నీ ఏడువేల చిల్లర బండ్లకు ఒక్క పూట స్నానం. వాటర్ వాష్ సెంటర్లన్నీ వాడిన నీటిని వడకట్టి మళ్లీ వాడేలా అధికారులు కట్టుదిట్టం చేయాలి. బండి ఉన్నవాళ్లు మాత్రం ఆ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం పైపు బండి మీద పెట్టే ముందు ఒక్కసారి బకెట్‌లో పెట్టి గడియారం చూడండి. అది ఎంతసేపట్లో నిండుతుందో చూశాక పైపు చుట్టి పక్కన పెట్టాలో లేదో మీరే తేల్చుకోండి.

— ఒక పాఠకుడు, బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్